వింగ్స్ ఛాలెంజ్ తర్వాత ఛాతీ నొప్పి: హనుమకొండ ఎమర్జెన్సీలో ఒక కేసు

రోగి వయసు 22. పరకాల వైపు ఊరు, హనుమకొండలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. పాత జబ్బులేమీ లేవు, రోజూ వాడే మందులు లేవు. రాత్రి పదిన్నర ప్రాంతంలో దోస్తులు ఆటోలో తీసుకొచ్చారు. ఛాతీ మధ్యలో నొప్పి, ఆగని వాంతులు, వాంతిలో రక్తపు చారలు, బిగుసుకుపోయిన చేతివేళ్లు, కుడికంట్లో మంట. కారణం అడిగితే ముగ్గురూ ఒకేసారి చెప్పారు: ఒక రెస్టారెంట్‌లో ఘాటు చికెన్ వింగ్స్ తినే పందెం. రోగి అనుమతితోనే రాస్తున్నాను. అతన్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను. రెస్టారెంట్ ఏదన్నది ఈ కేసుకు అవసరం లేదు.

కారం ఎక్కువై ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లు మాకు కొత్త కాదు. చాలామందికి ఒక సెలైన్, ఒక ఎసిడిటీ ఇంజెక్షన్, కాసేపు పడక సరిపోతాయి, తెల్లారేసరికి ఇంటికి పోతారు. ఈ కుర్రాడికి మాత్రం అన్నవాహిక కింది చివర చీలిక పడింది. అది మిరపకాయ వేసిన గాయం కాదు. మంటను ఎట్లాగైనా బయటికి పంపాలని అతను, దోస్తులు చేసిన ప్రయత్నాల్లో పడిన గాయం. పూర్తిగా రాయడానికి కారణం అదే.

ఆ సాయంత్రం

పందెం నిబంధనలు ఇవి: పది వింగ్స్, పది నిమిషాలు. మధ్యలో నీళ్లు, పాలు, మజ్జిగ, ఐస్‌క్రీమ్ ఏదీ ముట్టకూడదు. చివరి ముక్క మింగాక ఇంకో ఐదు నిమిషాలు ఏమీ తాగకుండా కూర్చోవాలి. గెలిస్తే బిల్లు మాఫీ, గోడ మీద ఫొటో, ఒక టీషర్టు. కూర్చునే ముందు కాగితం మీద సంతకం.

ఎక్కువ తినగలగాలని మధ్యాహ్నం అన్నం మానేశాడు. అంటే ఉదయం టిఫిన్ తర్వాత కడుపులో పడిన మొదటి పదార్థం ఆ సాస్. పది ముక్కలూ తిన్నాడు, ఐదు నిమిషాలూ కూర్చున్నాడు, గెలిచాడు. అసలు కథ ఆ తర్వాతే మొదలైంది.

ముందు చల్లటి కూల్‌డ్రింక్ గటగటా తాగాడు. మంట తగ్గలేదు, కడుపు ఉబ్బింది. పక్కనే ఉన్న మెడికల్ షాపులో గ్యాస్ పౌడర్ తెచ్చి నీళ్లలో కలిపి తాగించారు. అది పొంగేదే గ్యాస్‌తో. తర్వాత ఒక దోస్తు సలహా మీద బాత్రూమ్‌లోకి వెళ్లి గొంతులో వేలు పెట్టుకుని కక్కాడు. మొదటి రెండుసార్లు ఎర్రటి సాస్, ముక్కలు. ఆ తర్వాత కడుపు ఖాళీ అయినా ఓకరింపు ఆగలేదు. అదే చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. నాలుగో ఐదో వాంతికి ఛాతీలో ఏదో పట్టేసినట్టయి గోడకు ఒరిగిపోయాడు.

ఈ వరస నాకు ఇంత కచ్చితంగా తెలిసింది రోగి చెబితే కాదు. అతను మాట్లాడే స్థితిలో లేడు. దోస్తుల్లో ఒకడు మొదటి ముక్క నుంచి బాత్రూమ్ గుమ్మం దాకా మొత్తం ఫోన్‌లో తీశాడు. దోస్తు కక్కుతుంటే వీడియో తీయడమేంటని మా నర్సు వాడిని గట్టిగానే తిట్టింది, తిట్టవలసిందే. కానీ ఆ రాత్రి నాకు దొరికిన కేస్ షీట్లలో అంతకంటే మంచిది లేదు. ఛాతీ నొప్పి వాంతికి ముందు వచ్చిందా తర్వాతా అన్న ఒక్క ప్రశ్న మీద మా నిర్ణయాలన్నీ ఆధారపడ్డాయి. జవాబు వీడియోలో ఉంది. పందెం బల్ల దగ్గర పొట్ట పట్టుకుని వంగాడు, చెమటలు కారాయి, ముక్కు కారింది, కానీ చెయ్యి ఒక్కసారి కూడా ఛాతీ మీదికి పోలేదు. అది జరిగింది బాత్రూమ్‌లో, ఓకరింపు మధ్యలో.

వచ్చినప్పుడు

నాడి 126, బీపీ 150/90, శ్వాస నిమిషానికి 28, ఆక్సిజన్ 99 శాతం, జ్వరం లేదు. ముందుకు వంగి కూర్చున్నాడు, పడుకోమంటే పడుకోలేకపోయాడు. పెదవులు వాచాయి. కుడికన్ను ఎర్రగా, మూసుకుపోయి ఉంది. రెండు చేతుల వేళ్లూ లోపలికి ముడుచుకుని, బొటనవేలు అరచేతిలోకి పోయి కొయ్యబారాయి.

దోస్తుల టెన్షన్ అంతా ఆ వేళ్ల గురించే. ఫిట్సా, పక్షవాతమా అని ఒకటే అడగడం. నిజానికి అతని ఒంట్లో ఆ సమయానికి అన్నిటికంటే తక్కువ ప్రమాదమైనది అదే. నొప్పికి, భయానికి గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, దాంతో నరాలకు అందే కాల్షియం తగ్గి కండరాలు బిగుసుకుంటాయి. మా సిస్టర్ పక్కన కూర్చుని, "నాతో పాటు ఊదు తమ్ముడూ, మెల్లగ" అంటూ లెక్కపెట్టి ఊపిరి వదిలించింది. పావుగంటలో వేళ్లు తెరుచుకున్నాయి. ముఖానికి కవర్ పెట్టి ఊపిరి తీయించే పద్ధతి ఇంకా కొన్నిచోట్ల కనిపిస్తోంది. ఛాతీ నొప్పి ఉన్న రోగికి అది చేయకూడదు.

వేళ్లు సర్దుకున్నాయి, ఓకరింపు తగ్గింది, ఛాతీ నొప్పి మాత్రం అలాగే ఉంది. వచ్చి పోయే నొప్పి కాదు. రొమ్ము ఎముక వెనక ఒకేచోట, వీపులోకి పాకుతూ, గుటక వేస్తే పెరుగుతూ ఉంది. కారం మంటకు ఒక తీరు ఉంటుంది. అలలాగా వస్తుంది, పోతుంది, గంట గంటకూ దిగుతుంది. ఈ నొప్పి దిగలేదు.

మూడు అనుమానాలు

మొదటిది, అన్నవాహిక పూర్తిగా చిరిగిపోవడం. గట్టిగా కక్కినప్పుడు లోపలి ఒత్తిడికి గోడ మొత్తం చిట్లి, తిన్నది, ఎంగిలి, గాలి ఛాతీలోకి కారతాయి. దీన్ని బోయర్‌హావ్ సిండ్రోమ్ అంటాం. ఎంత ఆలస్యంగా పట్టుకుంటే ప్రాణానికి అంత ప్రమాదం. ఒకరోజు దాటితే బతికించడం చాలా కష్టం. 2016లో ఒక అమెరికన్ ఎమర్జెన్సీ వైద్య పత్రికలో ఇలాంటి కేసే అచ్చయింది. 47 ఏళ్ల వ్యక్తి పందెంలో ఘోస్ట్ పెప్పర్ అనే అతి ఘాటు మిరప ముద్ద పూసిన బర్గర్ తిన్నాడు, మంటకు గ్లాసుల కొద్దీ నీళ్లు తాగాడు, విపరీతంగా కక్కాడు. అన్నవాహికలో రెండున్నర సెంటీమీటర్ల చీలిక. ఆపరేషన్ చేయవలసి వచ్చింది, 23 రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. అక్కడ కూడా గోడను చీల్చింది వాంతే.

రెండోది, లోపొర మాత్రమే చీరుకోవడం, అంటే మాలరీ వైస్ చీలిక. రక్తపు చారలు కనిపిస్తాయి, చాలావరకు దానంతటదే మానుతుంది.

మూడోది గుండె. 22 ఏళ్ల కుర్రాడికి గుండె పరీక్షలేంటని ఎవరైనా అడగొచ్చు. ఘాటైన మిరప పదార్థం గుండె రక్తనాళాలను బిగించవచ్చని సూచించే కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. 2023లో అమెరికాలో 14 ఏళ్ల పిల్లవాడు ఒక ఘాటు చిప్ ఛాలెంజ్ చేసిన రోజే చనిపోయాడు. అతనికి ముందే గుండెలో లోపం ఉందని శవపరీక్షలో తేలింది, ఆ చిప్‌ను కంపెనీ మార్కెట్ నుంచి తీసేసింది. ఇతనికి మాత్రం ఈసీజీలో వేగం తప్ప తేడా లేదు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్‌ను రాగానే ఒకసారి, మూడు గంటల తర్వాత ఒకసారి చూశాం, రెండుసార్లూ మామూలే. తలనొప్పి ఉందా అని కూడా ప్రత్యేకంగా అడిగాం. కరోలినా రీపర్ అనే అతి ఘాటు మిరపకాయ తిన్నాక పిడుగుపడ్డట్టు తలనొప్పి వచ్చి, మెదడు రక్తనాళాలు సన్నబడిన కేసు 2018లో బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. లేదన్నాడు.

ఇక మిగిలింది అన్నవాహిక. మెడ మీద, కాలర్ ఎముక పైన వేళ్లతో నొక్కి చూశాను. గాలి చర్మం కిందికి చేరితే మురుమురాలు నొక్కినట్టు చిటపటలాడుతుంది. అలా ఏమీ లేదు. ఎక్స్‌రేలో గుండె చుట్టూ గాలి లేదు, ఎడమవైపు నీరు లేదు. కానీ మొదటి గంటల్లో ఎక్స్‌రే బాగుందంటే చిరగలేదని అర్థం కాదు. నొప్పి ఒకేచోట నిలబడి ఉంది కాబట్టి, స్కాన్‌లో కనిపించే మందు తాగించి సీటీ తీద్దామన్నాను.

అప్పటికి తల్లిదండ్రులు ఊరి నుంచి వచ్చారు. తండ్రి సూటిగా అడిగాడు: "కారం తిన్నదానికి సీటీ స్కానా సారూ?" ప్రశ్నలో తప్పేమీ లేదు, ఖర్చు ఆయన పెట్టుకునేది. కారానికైతే నేనూ రాయనని, కక్కినప్పుడు మొదలైన నొప్పి ఇంకా దిగలేదు కాబట్టి రాస్తున్నానని, చిరిగిందో లేదో ఈ రాత్రే తేలాలని చెప్పాను. తల్లి మధ్యలో అందుకుంది: "తియ్యున్రి సారూ. పోరడు గుటకెయ్యలేకపోతుండు, నాకు కనవడ్తలేదా?" ఆమె చూసింది సరైన లక్షణమే.

సీటీలో గాలి లేదు, మందు బయటికి కారలేదు. పూర్తి చీలిక లేదన్నమాట. మర్నాడు ఉదయం ఎండోస్కోపీలో, అన్నవాహిక కడుపును కలిసేచోట సుమారు ఒక సెంటీమీటర్ పొడవున లోపొర చీలిక కనిపించింది. రక్తం అప్పటికే ఆగింది, క్లిప్ వేసే పని పడలేదు. కడుపు లోపలి పొర అక్కడక్కడ ఎర్రబడింది తప్ప పుండు లేదు. పది వింగ్స్ సాస్ నేరుగా తగిలిన కడుపు ఎర్రబడి ఊరుకుంది. చీలింది మాత్రం వాంతి ఒత్తిడి పడే చోటు.

మిర్చి పండించే ఇంటి పిల్లవాడు

కాస్త మాట వచ్చాక అతను అన్న మొదటి మాట: "మా నాయిన తేజ పెడతడు సార్, నాకు కారం కొత్తనా?" ఈ జిల్లాల్లో ఈ ధీమా చాలామందికి ఉంది. అందులో కొంత నిజం కూడా ఉంది. మిరపలో ఉండే క్యాప్సైసిన్ నిజంగా కాల్చదు. నాలుక మీది నరాల్లో వేడిని పసిగట్టే ఒక గ్రాహకం ఉంది, పేరు టీఆర్‌పీవీ1. మామూలుగా 43 డిగ్రీల వేడికి మేలుకుంటుంది. క్యాప్సైసిన్ దానికి అతుక్కుంటే వేడి లేకుండానే కాలుతోందని మెదడుకు కబురు పోతుంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీన్ని పట్టుకుంది, ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. రోజూ కారం తినేవాళ్లకు ఆ నరాలు కొంత మొద్దుబారుతాయి. కాబట్టి అలవాటు అనేది ఉత్త మాట కాదు.

అయితే ఆ అలవాటు ఏ మోతాదుకు? వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే తేజ రకం మిర్చి ఘాటును 50 వేల నుంచి లక్ష స్కోవిల్ యూనిట్ల (ఘాటును కొలిచే లెక్క) దాకా చెబుతారు. 2025లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అన్న) గుర్తింపు పొందిన మన చపాటా మిర్చి విలువంతా రంగులోనే ఉంది, ఘాటు చాలా తక్కువ. కరోలినా రీపర్ గిన్నిస్ రికార్డు 2017లో 16 లక్షల 41 వేలు. 2023లో పెప్పర్ ఎక్స్ అనే ఇంకో మిరప దాన్ని దాటి 26 లక్షల 93 వేలకు పోయింది. శుద్ధ క్యాప్సైసిన్ అయితే కోటీ 60 లక్షలు. పందెం సాసుల్లో చాలావాటికి రీపర్ పొడితో పాటు మిరప నుంచి తీసిన గాఢమైన ఎక్స్‌ట్రాక్ట్ కూడా కలుపుతారు. పైగా మన ఇంట్లో కారం ఒంటరిగా లోపలికి పోదు. అన్నం, పప్పు, నెయ్యి, చింతపండు, చివర్న పెరుగు ఉంటాయి. 1964లో బఫలో నగరంలోని యాంకర్ బార్‌లో పుట్టిన అసలు వింగ్స్‌కు కూడా సాస్‌లో వెన్న ఉండేది, ఘాటు దాంతో సగం సర్దుకునేది. పందెం ప్లేటులో అవేవీ లేవు, కడుపు ఉదయం నుంచి ఖాళీ.

వైద్యం

పూర్తి చీలిక లేదని తేలేదాకా, సీటీ కోసం తాగించిన మందు తప్ప నోటి ద్వారా ఏదీ ఇవ్వలేదు. పాలు పుక్కిలించి ఉమ్మేయమన్నాం, అంతే. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుని లాక్కుపోతుంది కాబట్టి నోటికి ఉపశమనం వచ్చింది. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. నీళ్లు తాగితే మంట నోరంతా పరుచుకోవడమే అవుతుంది. పందెంలో పాలు నిషేధం అన్న నిబంధన నాకు అన్నిటికంటే చెత్తగా అనిపించింది అందుకే. ఆ ఐదు నిమిషాల్లో గ్లాసు పాలు దొరికుంటే కూల్‌డ్రింక్, గ్యాస్ పౌడర్, వేలు పెట్టుకోవడం దాకా వచ్చేవాడా అన్నది నా అనుమానం.

సెలైన్, వాంతులకు ఓండన్‌సెట్రాన్, ఎసిడిటీకి పాంటాప్రజోల్ నరం ద్వారా. పొటాషియం 3.2కు పడిపోయింది, సరిచేశాం. నొప్పికి పారాసిటమాల్ నరం ద్వారా ఇచ్చాం. మన దగ్గర ఏ నొప్పికైనా డైక్లో సూది వేయడం అలవాటు. వాంతిలో రక్తం కనిపించిన మనిషికి దాన్ని ముట్టకపోవడమే మంచిది. సీటీ బాగుందని తెలిశాక మొద్దుబార్చే మందు కలిసిన యాంటాసిడ్ జెల్ చెంచాలతో ఇచ్చాం.

కంటిని సెలైన్‌తో చాలాసేపు కడిగాం, రంగు వేసి చూస్తే నల్లగుడ్డు మీద గీత లేదు. చేతుల మంటే తెల్లవారుజాము దాకా సతాయించింది. ఐస్ నీళ్ల గిన్నెలో వేళ్లు ముంచి కూర్చున్నాడు, తీస్తే మళ్లీ మంట. చివరికి అతని తల్లే కొబ్బరినూనె అడిగింది. మిరపకాయల తొడిమలు తీసేవాళ్లు చేతులకు నూనె రాసుకోవడం ఆమెకు రోజువారీ సంగతి. నూనె పట్టించి, తుడిచి, గిన్నెలు తోమే సబ్బుతో కడిగితే సగానికి సగం తగ్గింది. క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుంది కాబట్టి ఇది పుస్తకానికీ సరిపోయే వైద్యమే.

రెండో రోజు ఇంకో ఎపిసోడ్ ఉంది, పందెం వీడియోల్లో ఎవరూ చూపించనిది. అదే గ్రాహకం పేగు చివర కూడా ఉంటుంది. అరగని క్యాప్సైసిన్ అక్కడికి చేరినప్పుడు విరేచనాలు, దాంతో పాటు మంట. గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోవడం, పూత మందు, సిగ్గుపడకుండా నర్సుకు చెప్పడం. అంతకుమించి వైద్యం లేదు. ఒకరోజులో తగ్గింది.

హిమోగ్లోబిన్ 14.1 నుంచి 13.7కు దిగి అక్కడే ఆగింది. ముందు చల్లారిన గంజి, తర్వాత పెరుగన్నం. మూడో రోజు ఇంటికి పంపాం.

సంతకం పెట్టిన కాగితం

దోస్తు ఫోన్‌లో ఆ కాగితం ఫొటో కూడా ఉంది. మొత్తం ఇంగ్లీషే. గుండె జబ్బు, ఆస్తమా, అల్సర్, గర్భం ఉంటే పాల్గొనవద్దని ఉంది, మంచిదే. ఏం జరిగినా బాధ్యత తినేవాళ్లదే అని లావు అక్షరాల్లో ఉంది. తిన్నాక ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. ఖాళీ కడుపుతో రావద్దని లేదు, వేలు పెట్టి కక్కొద్దని లేదు, చేతులకు గ్లవ్స్ లేవు. పందెం పెట్టేవాళ్లు నన్ను అడిగితే ఆ కాగితంలో రాయమనేవి ఈ మూడే. దాంతో పాటు ఓడినా గెలిచినా గ్లాసు పాలు బల్ల మీద పెట్టమంటాను. పందేలు మూసేయమని నేననను. పెద్దవాళ్లు తెలిసి తినేది తింటారు. పిల్లల్ని కూర్చోబెట్టకూడదన్న మాట దగ్గర మాత్రం బేరం లేదు.

తోటి డాక్టర్లకు, ముఖ్యంగా రాత్రి డ్యూటీల్లో ఉండే జూనియర్లకు ఒక మాట. కారం తిని ఛాతీ నొప్పి అంటూ వచ్చినవాడిని 'గ్యాస్' అని రాసి పంపే ముందు, నొప్పి కక్కకముందు మొదలైందా కక్కాకా అని అడగండి. అతను చెప్పలేకపోతే దోస్తుల ఫోన్లు చూడండి. కక్కాక మొదలై, ఒకేచోట నిలబడి, గుటకకు పెరిగే నొప్పి అయితే మెడ తడమకుండా, ఎక్స్‌రే చూడకుండా పడక ఖాళీ చేయించొద్దు. ఇంటి దగ్గరివాళ్లకు గుర్తులు ఇంకా సులువు: వాంతిలో రక్తం, నల్లటి విరేచనం, గుటక వేస్తే ఛాతీలో నొప్పి, మెడ ఉబ్బడం, ఊపిరి ఆడకపోవడం, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మెడికల్ షాపు దగ్గర ఆగకుండా ఆస్పత్రికి రావాలి.

రెండు వారాలకు చెకప్‌కు వచ్చాడు. నొప్పి లేదు, గుటక బాగుంది, రెండు కిలోలు తగ్గాడు. పాంటాప్రజోల్ ఇంకో రెండు వారాలు రాశాను, మళ్లీ ఎండోస్కోపీ అవసరం లేదన్నాను. ఇంట్లో కారం తినొచ్చా అని అడిగాడు. నెలాఖరు దాకా తగ్గించి తిను, తర్వాత నీ ఇష్టం, మీ నాయిన పండించిందే కదా అన్నాను. టీషర్టు హాస్టల్లో ఇంకొకడు వేసుకు తిరుగుతున్నాడట.